రెండు చక్రాలపై భూప్రదక్షిణ

1973 అక్టోబరు 6న టెడ్ సైమన్ అనే బ్రిటిష్ పాత్రికేయుడు మోటారు సైకిలుపై లండన్ నుండి భూప్రదక్షిణకు బయలుదేరాడు. సరిగ్గా ఆనాడే ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల మధ్య యుద్ధం మొదలైంది. ఆయన దారి ఈజిప్టు మీదుగానే! అయినా వెనుదిరగలేదు. ఆయన నడిపిన 500 సి.సి. ట్రయంఫ్ మంచి రోడ్లకే తగిన వాహనం. ఎడారి ఇసుకకు తగినది కాదు. బండి మొరాయించినప్పుడు ముక్కూమొగం తెలియనివారే పలుచోట్ల ఆదుకున్నారు. బ్రెజిల్‌లో మాత్రం గూఢచారి అన్న అనుమానంతో నిర్బంధించారు. నాలుగేళ్లలో 45 దేశాలు, లక్ష కిలోమీటర్లకు పైగా దూరం!

భారతదేశంలో ఒక జ్యోతిష్కుడు ఆయనను బృహస్పతితో పోల్చాడు. 1979లో వెలువడిన ఆయన గ్రంథానికి ‘జూపిటర్స్ ట్రావెల్స్’ అన్న పేరు అలా వచ్చింది. (ఆకాశంలోని గురుడికి ఒక ప్రదక్షిణకు దాదాపు పన్నెండేళ్లు పడుతుంది.)

తారురోడ్డుకూ మట్టిబాటకూ సమానంగా పనికివచ్చే బి.ఎం.డబ్ల్యు. ఆర్ 80 జి/ఎస్ 1980లో వచ్చింది. ఆ కోవకు చెందిన బండిపైనే 2001లో, తన డెబ్బయ్యవ ఏట, సైమన్ మళ్లీ పాతదారి పట్టాడు. వాహనం మెరుగైనా ఆపద తప్పలేదు. కెన్యాలో కాలు విరిగింది. కోలుకొని ముందుకు సాగాడు. నాటి పరిచయస్థులను ఊరూరా వెదుక్కుంటూ ప్రయాణం పూర్తిచేశాడు.