చెకుముకి తుపాకి – రక్షణ సాధనములు

మన చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న నందిదుర్గమును 1791 అక్టోబరులో కారన్‌వాలిసు పంపిన ఆంగ్లసేన టిప్పు సుల్తానునుండి పట్టుకొనినది. నాటి సిపాయిల ముఖ్యాయుధము చెకుముకి తుపాకి. మీట నొక్కగనే గుర్రమున బిగించిన చెకుముకిరాయి ఉక్కుపలకను రాచి నిప్పురవ్వలు రాల్చును. అవి గిన్నెలోని రంజకమును, ఆ మంట సన్నని రంధ్రముగుండ గొట్టములోని మందును అంటించును.

అపాయము తప్పించుటకును, గురి చెడకుండుటకును కొన్ని చిన్న సాధనములుండెను. ఉక్కుపలకకు తోలుతొడుగు ఉన్నంతవరకు గుర్రము పొరపాటున జారినను రవ్వ పుట్టదు. రంధ్రమున మసి పేరుకొన్నచో రంజకము మండును గాని తుపాకి పేలదు. కావున సూదితో రంధ్రమును, కుంచెతో గిన్నెను శుభ్రపరచెడివారు. రాయి కదలకుండ తోలుముక్క చుట్టి బిగించెడివారు. వాననాడు జిడ్డు పట్టించిన తోలుగవిసెన కప్పెడివారు.

తల్లిదండ్రులు గ్రహింపవలసిన దొకటి కలదు. నల్లమందు పొడిగా నున్నచో ఎన్నియేండ్లు గడచినను పేలగలదు. బాగేపల్లిలోగాని చింతామణిలోగాని ఎవరి యింటి అటకపైనైనను తాతలనాటి తుపాకి కనబడినచో, అది నిండియున్నదనియే యెంచి, పిల్లలను దూరముంచి, పోలీసుఠాణాకు తెలుపవలెను. ఆటకైనను దాని గుర్రము నెత్తరాదు.