ఎవరి రికార్డు వారికే

కాలేజీలో అందరి మార్కులూ ఒకే టేబుల్‌లో ఉన్నాయి. విద్యార్థి లాగిన్ అయితే తన మార్కులే కనపడాలి, లెక్చరర్‌కు తన సెక్షన్‌వి, ప్రిన్సిపల్‌కు అన్నీ. ఎలా చేస్తారని ఇంటర్వ్యూలో అడిగితే ఫ్రెషర్ల నోట ముందుగా వచ్చే జవాబు, ‘క్వెరీలో వేర్ కండిషన్ పెడతాం సార్’.

తప్పు జవాబేమీ కాదు. కానీ అప్లికేషన్‌లో వంద క్వెరీలుంటే, ఒక్కదాంట్లో ఆ కండిషన్ మరచిపోయినా అందరి మార్కులూ బయటపడతాయి. గ్రాంట్ కమాండ్‌తోనూ పని జరగదు. అది టేబుల్‌కో కాలమ్‌కో అనుమతి ఇస్తుంది గానీ, ఏ రో ఎవరిదో దానికి పట్టదు.

ఈ కాపలాను డేటాబేస్‌కే అప్పగించే పద్ధతి రో లెవెల్ సెక్యూరిటీ. ఒరాకిల్ 1999లోనే 8ఐ వెర్షన్‌లో వర్చువల్ ప్రైవేట్ డేటాబేస్ పేరుతో దీన్ని తెచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రం వ్యూలతో సర్దుకోవాల్సిందే.

నేర్చుకోవడానికి పోస్ట్‌గ్రెస్ మేలు, పైసా ఖర్చు లేదు. మార్కుల టేబుల్‌పై రో లెవెల్ సెక్యూరిటీని ఎనేబుల్ చేసి, పాలసీ ఏదీ రాయకుండా, టేబుల్‌పై గ్రాంట్ ఉన్న మామూలు యూజర్‌గా చూస్తే ఒక్క రో కూడా రాదు, ఎర్రర్ కూడా రాదు. ఆ తర్వాత ‘క్రియేట్ పాలసీ’తో, రోలోని యూజర్ పేరు లాగిన్ అయిన పేరుతో సరిపోలాలని షరతు పెట్టాలి. ఏ రోలు కనపడాలో ‘యూజింగ్’ చెబుతుంది, ఏ రోలు రాయనివ్వాలో ‘విత్ చెక్’ చెబుతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. పాలసీ రాసి, అదే అడ్మిన్ లాగిన్‌తో పరీక్షిస్తారు. అన్ని రోలూ కనపడేసరికి పాలసీ పనిచేయలేదనుకుని చెరిపేస్తారు. నిజానికి సూపర్‌యూజర్‌కు ఏ పాలసీ వర్తించదు. టేబుల్ ఓనర్‌కూ అంతే, ‘ఫోర్స్’ పెడితే తప్ప. వేరే రోల్ సృష్టించి, దాంతో లాగిన్ అయి చూడాలి. ఈ సంగతి సొంత అనుభవంతో చెప్పగలిగిన అభ్యర్థి ఇంటర్వ్యూలో తేలిగ్గా గుర్తుండిపోతాడు.

బ్యాకెండ్ డెవలపర్, డీబీఏ, డేటా ఇంజినీర్ ఎవరికైనా ఇది పనికొస్తుంది. పవర్ బీఐ రిపోర్టుల్లోనూ ఇదే పేరుతో ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలు కల్పించింది. కంపెనీలు దీన్ని ఊరికే అడగడం లేదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు రెండు లాగిన్‌లు పెట్టండి. ఒకే క్వెరీకి రెండింట్లో వచ్చిన వేర్వేరు ఫలితాలను గిట్‌హబ్‌లో ఉంచి, ఆ లింకును రెజ్యూమెలో రాయండి.