మనీప్లాంట్‌కి కుండీ ఎప్పుడు మార్చాలి? వేళ్లను చూసి చెప్పండి



బడులు తెరిచాం. తొలకరి జల్లులతో ఎండ వేడి కూడా తగ్గుతోంది. ఇంట్లో పెంచుకునే మొక్కలకు కుండీ మార్చాలంటే ఏడాదిలో ఇదే మంచి సమయం. ఒక ఆదివారం ఉదయం మీ పాపతోనో బాబుతోనో కూర్చుంటే గంటలో అయిపోయే పని. సైన్సు పుస్తకంలో బొమ్మగా చూసిన వేరును పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే మనీప్లాంట్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో తహితి పక్కనున్న మోరియా అనే చిన్న దీవి. వెచ్చదనం, గాలిలో తేమ, పెద్ద చెట్ల నీడ దానికి అలవాటు. మన ఏప్రిల్, మే ఎండల్లో కుండీ మారిస్తే అది అల్లాడిపోతుంది. తెగిన వేళ్లు నీరు సరిగా అందించలేవు, వేడిగాలికి ఆకులేమో నీరు కోల్పోతూనే ఉంటాయి. చలికాలంలో పెరుగుదల మందగిస్తుంది కాబట్టి కొత్త వేళ్లు రావడానికి ఎక్కువ రోజులు పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ రెండు ఇబ్బందులూ ఉండవు.

సమయం మంచిదని ప్రతి మొక్కకూ కుండీ మార్చాల్సిన పని లేదు. ఆకులు పసుపు రంగుకు తిరగ్గానే ‘కుండీ చాలడం లేదు’ అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం నీళ్లు ఎక్కువ కావడమే. తీగ మొదట్లో ఉన్న ముసలి ఆకు ఒకటీ అరా పండి రాలితే అదేమీ జబ్బు కాదు. అందుకే ఆకును చూసి నిర్ణయించకండి, వేళ్లను చూడండి. కుండీని పక్కకు వంచి, అంచు మీద రెండు దెబ్బలు తట్టి, మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా బయటికి తీయండి. మట్టి కనిపించకుండా వేళ్లే గుండ్రంగా చుట్టుకుని కుండీ ఆకారంలో ముద్దగా వస్తే మార్చే వేళయింది. వేళ్ల మధ్య మట్టి బాగా కనిపిస్తుంటే తిరిగి అందులోనే పెట్టేయండి, వచ్చే ఏడాది చూడవచ్చు. బయటికి తీయకుండా తెలిసే గుర్తులూ ఉన్నాయి: అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు తొంగిచూడటం, పోసిన నీళ్లు ఆగకుండా కిందికి జారిపోవడం, నిన్న తడిపిన మొక్క ఇవాళే వాడిపోవడం.

పిల్లలకు వేళ్ల రంగు చూపించండి. తెల్లగా, గట్టిగా ఉన్నవి ఆరోగ్యమైనవి. గోధుమరంగులో మెత్తబడి, పట్టుకుంటే పైపొర ఊడివచ్చి, వాసన వేసేవి కుళ్లినవి. వాటిని శుభ్రమైన కత్తెరతో తీసేయాలి.

ఇక కొత్త కుండీ ఎంత పెద్దది ఉండాలి? పిల్లలకు బూట్లు కొనేటప్పుడు ‘వచ్చే ఏడాదికీ వస్తాయిలే’ అని ఒక సైజు పెద్దవి తీసుకుంటాం. మొక్క దగ్గర ఈ లెక్క పనికిరాదు. 6 అంగుళాల కుండీలో ఉన్నదాన్ని 7 లేదా 8 అంగుళాల దానిలోకి మార్చండి. 12 అంగుళాల దానిలో పెడితే వేళ్లు చేరని మట్టి ఎక్కువగా మిగిలిపోతుంది. ఆ మట్టిలోని నీటిని తాగేవాళ్లు లేరు, అది రోజుల తరబడి తడిగానే ఉంటుంది. వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోటును నీరు ఆక్రమిస్తే వేళ్లకు ఊపిరాడదు, కుళ్లు మొదలవుతుంది. పెద్ద కుండీ ఇచ్చాం, రోజూ నీళ్లు పోశాం, అయినా చచ్చిపోయిందని బాధపడే వారి ఇళ్లలో తరచూ జరిగేది ఇదే.

నీళ్లు బాగా దిగడానికి కుండీ అడుగున గులకరాళ్లు పోయడం చాలామందికి అలవాటు. అది నిజంగా పనిచేస్తుందా? పిల్లలతో ఒక ప్రయోగం చేయించండి. గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒకటి తీసుకుని నీళ్లలో బాగా నానబెట్టండి. పిండకుండా, పడుకోబెట్టినట్టు అడ్డంగా పట్టుకోండి. కొంత నీరు కారి ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పితే ఏమవుతుందో ముందు పిల్లల్నే ఊహించి చెప్పమనండి. తిప్పగానే మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, నీళ్లూ అవే. సన్నని సందులు కొంత ఎత్తు వరకే నీటిని పట్టి ఉంచగలవు. పాఠ్యపుస్తకాల్లో కేశనాళికీయత అన్నది దీన్నే. కుండీలోని మట్టి కూడా అంతే, దాని అడుగున ఎప్పుడూ ఒక తడి పొర మిగులుతుంది. రాళ్లు పోస్తే ఆ తడి పొర పోదు, రాళ్ల మీదికి జరిగి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. కాబట్టి రాళ్లు వద్దు. రంధ్రం మీద కాస్త కొబ్బరి పీచు వేస్తే మట్టి జారకుండా ఉంటుంది, అది చాలు.

మట్టి గుల్లగా ఉండాలి. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమపాళ్లలో కలిపి, గుప్పెడు ముతక ఇసుక వేయండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వేళ్ల చుట్టూ బంకమట్టి గట్టిగా ఉంటే నీళ్లలో కాసేపు నానబెట్టి కొంత వదిలించండి.

ముందురోజే మొక్కకు నీళ్లు పోసి ఉంచితే వేళ్లు సులువుగా వస్తాయి. చుట్టుకున్న వేళ్లను వేళ్లతోనే (పిల్లల వేళ్లయితే ఇంకా మంచిది!) మెల్లగా విడదీయండి. పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టి, చుట్టూ మట్టి నింపి, పైన ఒక అంగుళం ఖాళీ వదలండి. మట్టిని అదిమి అదిమి కూరకండి. కింద నుంచి నీరు కారేదాకా ఒకసారి తడిపి, వారం పది రోజులు నేరుగా ఎండ తగలని చోట ఉంచండి. తర్వాత మాత్రం వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా అనిపిస్తేనే నీళ్లు పోయాలి. ఎరువు నెల దాకా వద్దు.

పెద్ద కుండీకి చోటు లేకపోతే వేళ్లను మూడో వంతు కత్తిరించి, కొత్త మట్టితో అదే కుండీలో పెట్టుకోవచ్చు. అప్పుడు తీగలను కూడా కొంత కత్తిరించాలి. ఆ ముక్కలను కణుపు మునిగేలా నీళ్ల సీసాలో పెడితే వేళ్లు వస్తాయి.

రెండు జాగ్రత్తలు. మనీప్లాంట్ రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నోట్లో పెట్టుకుంటే నాలుక, గొంతు మండుతాయి, కొందరికి చర్మం దురద పెడుతుంది. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాకే పిల్లలు, పెంపుడు కుక్కలు, పిల్లులు ఉంటే ఆకులు అందనంత ఎత్తున పెట్టండి. రెండోది, కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీరు. డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి ఆ కొద్దిపాటి నీరే చాలు. వానాకాలం పూర్తయ్యేదాకా పళ్లెం రోజూ ఒంపేయాలి, వారానికోసారి రుద్ది కడగాలి, ఎందుకంటే గుడ్లు పళ్లెం గోడలకు అంటుకుని ఉంటాయి. ఈ బాధ్యత అయిదో తరగతి పిల్లలు చక్కగా చూసుకోగలరు.