ముందు నీ ఒంటికి, తర్వాతే రైఫిల్‌కి

హైదరాబాదు

చిరంజీవి అమ్మడికి,



రైఫిల్ ఇంటికి వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ వెనకాలే నీ జాబితా కూడా అందింది. రంగు ఫిల్టర్ల ఐరిస్, బ్యారెల్‌కి తగిలించే బరువులు, ఇంకో బట్ ప్లేట్, స్లింగ్, కంప్యూటర్‌కి కలుపుకునే ట్రైనర్... అన్నీ చదివాను. "వీటిలో ముందు ఏది కొనమంటావు మావయ్యా?" అన్నావు. ఏదీ వద్దు. ముందు కొనాల్సినవి ఆ జాబితాలోకి ఎక్కనే లేదు.

నువ్వు రాసిందంతా రైఫిల్‌కి కావలసిన సామాను. పది మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్ పెట్టెలోంచి తీసేసరికే దానికి అన్నీ ఉంటాయి. వెనక డయాప్టర్, ముందు సైట్‌లో వేసుకునే రింగులు, జరుపుకునే చీక్ పీస్, బట్ ప్లేట్, అలెన్ కీలు. ఏమీ అమరనిది దాన్ని ఎత్తే మనిషికే. నాలుగున్నర, ఐదు కిలోల బరువు. మ్యాచ్‌లో నిలబడి, 75 నిమిషాల్లో 60 షాట్లు కాల్చాలి. టార్గెట్ మధ్యలో పదో నంబరు చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. ఆ చుక్క మీద అంత బరువును చేతి కండతో ఎవరూ నిలపలేరు. ఎడమ మోచెయ్యి తుంటి ఎముకకి ఆనాలి, బరువంతా ఎముకల మీదుగా పాదాల్లోకి, అక్కణ్ణించి నేలలోకి దిగిపోవాలి. డబ్బు ఖర్చు కూడా ఆ నేల దగ్గరే మొదలుపెట్టి పైకి రా.

అంటే మొదట షూస్. అడుగు చదునుగా, వెడల్పుగా ఉండే షూటింగ్ షూస్ తీసుకో. రోజూ వేసుకునే స్పోర్ట్స్ షూస్‌లో మెత్తటి మడమ ఉంటుంది, నిలబడినంతసేపూ అది కొద్దికొద్దిగా నలుగుతూ ఉంటుంది. నీకు తెలియదు, టార్గెట్‌కి తెలుస్తుంది. రూల్ ప్రకారం అడుగు మందం 10 మిల్లీమీటర్లు దాటకూడదు, ముందు భాగం వంగాలి కూడా. బిగదీసిన చెక్కలాంటి పాత మోడల్ ఎవరైనా ఇస్తామంటే పుచ్చుకోకు. పాదాల కింద సంగతి చిన్నది కాదమ్మా. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో అభినవ్ బింద్రా ఏడో స్థానంలో ఆగిపోయాడు. ఆయన నిలబడ్డ చోట పలక వదులుగా ఉందని తర్వాత తెలిసింది. అదే మనిషి 2008లో బీజింగ్‌లో మన దేశానికి మొదటి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు.

తర్వాత జాకెట్. ఇక్కడే మీ నాన్న జేబుకి పెద్ద చిల్లు పడేది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఆ మందపాటి కాన్వాసు, తోలు కలిపిన కోటు నడుముకి దన్ను, గుండె కొట్టుకునేటప్పటి అదురును కూడా కొంత ఆపుతుంది. కొలతలిచ్చి విదేశం నుంచి తెప్పించుకోవాలని నీకు ఉంటుంది. కానీ నువ్వింకా ఎదిగే పిల్లవి. ఏడాది తిరిగేసరికి భుజాలు పట్టవు. రేంజిలో మీ సీనియర్ అక్కలకి పొట్టయిన జాకెట్లు ఎవరి బీరువాలోనో వేలాడుతూనే ఉంటాయి. కోచ్ సార్‌ని అడుగు, సిగ్గుపడకు. ఒకటి దొరికితే ఊరికే వేసుకుని అద్దంలో చూసుకోవద్దు. బొత్తాలన్నీ పెట్టి, రైఫిల్ ఎత్తి, పొజిషన్‌లో నిలబడు. మెడ దగ్గర బిగుసుకుంటే పనికిరాదు. నిటారుగా ఉన్నప్పుడు సరిపోయి, నడుము వెనక్కి వాల్చగానే వీపు మీద గుత్తులు గుత్తులుగా ముడుచుకుంటే అదీ పనికిరాదు. ఎడమ మోచెయ్యి తుంటి దగ్గరికి చేరేచోట గుడ్డ మడత పడకూడదు, ఆ మడత మీద చెయ్యి జారుతుంది. బట్ట మందం 2.5 మిల్లీమీటర్లకి మించితే ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో పక్కన పెట్టేస్తారు. అందుకని పాతది కొనేముందు గేజ్‌తో కొలిపించు. లోపల పల్చటి ఫుల్ చేతుల బనియను వేసుకో. మీ విజయవాడ ఉక్కలో చెమటకి తడిసిన జాకెట్‌ని బ్యాగులో మడిచి పడేశావంటే బూజు పడుతుంది, ఆకారమూ పోతుంది. ఇంటికి రాగానే వెడల్పు హ్యాంగర్‌కి తగిలించి ఫ్యాన్ కింద ఉంచు.

ప్యాంటు కొన్నాళ్లు ఆగొచ్చు. గ్లౌజు మాత్రం ఎడమచేతికి ఒకటి తీసుకో.

ఇప్పుడు అసలు భయం గురించి. రైఫిల్ కింద ఉన్న గాలి సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. నీ రైఫిల్‌కి వచ్చే జర్మన్ సిలిండర్లకి ఆయువు పదేళ్లు. షాపులో ఎన్నాళ్లు పడి ఉందో మనకి తెలియదు కాబట్టి కొత్తదైనా తేదీ చూడాల్సిందే. దాంట్లో గాలి 200 బార్ ఒత్తిడిలో ఉంటుంది. రేంజిలోని పెద్ద సిలిండర్ నుంచి నింపుకోవడానికి నీ రైఫిల్ కంపెనీకి సరిపడే అడాప్టర్ కావాలి. అది చిన్న ముక్కే, కానీ అది లేకపోతే రైఫిల్ కర్రతో సమానం. కాబట్టి షూస్‌తో పాటే అదీ కొను. వాల్వు మెల్లగా తిప్పి నింపాలి, గబుక్కున వదిలితే సిలిండర్ వేడెక్కుతుంది. చేతిపంపుతో కొట్టుకోవచ్చని ఎవరో ఒకరు చెబుతారు. మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమంతా లోపలికి పోయి కూర్చుంటుంది. పంపు వద్దు. ఇంకొక్క మాట, ఇది ఎంత ముఖ్యమంటే మీ నాన్నకి కూడా చదివి వినిపించు. వీధి చివర వెల్డింగ్ షాపులో ఉండే ఆక్సిజన్‌తో ఎప్పుడూ, ఎవరు చెప్పినా నింపకూడదు. అంత ఒత్తిడిలో ఆక్సిజన్‌కి లోపలి గ్రీజు తగిలితే మంట లేస్తుంది, సిలిండర్ పేలుతుంది.

అడాప్టర్‌తో పాటే సేఫ్టీ ఫ్లాగ్ కూడా. బ్యారెల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా దూర్చి ఉంచే నారింజ రంగు ప్లాస్టిక్ తీగ. నూలుపోగంత ఖరీదు కాదు. కాల్చని ప్రతి క్షణం అది బ్యారెల్‌లో ఉండాలి, ఇంట్లో కూడా. తాళం పడే పెట్టె కూడా చూసుకో. 4.5 మిల్లీమీటర్ల బోరుతో, 20 జూళ్ల లోపు శక్తితో ఉండే ఎయిర్ రైఫిల్‌కి మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేదు కదా అని బొమ్మ అయిపోదు. మీ తమ్ముడి ఫ్రెండ్స్ వచ్చినప్పుడు పెట్టె తాళం నీ దగ్గరే ఉండాలి.

పెల్లెట్లు చదును మూతివి, అంటే కాగితంలో గుండ్రంగా చిల్లు పడేవి, ఒకే రకానివి నాలుగైదు డబ్బాలు తీసుకో. తల కొలత 4.49నా, 4.50నా అని ఇప్పుడే నిద్ర పాడుచేసుకోకు. నీ షాట్లు తొమ్మిది లోపల ఒక్కచోట గుమికూడడం మొదలయ్యాక, రైఫిల్‌ని బిగించి బ్యాచ్‌లు పరీక్షించొచ్చు. అవి సీసంతో చేసినవి. రేంజి నుంచి బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే సమోసా ముట్టుకో.

ఇక నీ జాబితా సంగతి. స్లింగ్ పది మీటర్ల పోటీలో వాడరు, నిలబడి కాల్చేదాంట్లో దానికి చోటు లేదు. బరువులు వద్దు, 5.5 కిలోల హద్దు ఉంది, నీ నడుము దానికి చాలా దూరంలో ఉంది. ఐరిస్ మంచిదే కానీ నీ డయాప్టర్‌తో ఏడాది కాల్చాక అడుగు. అందాకా ముందు సైట్‌లో కాస్త పెద్ద రింగు వేసుకో. నల్ల వృత్తం చుట్టూ తెల్లటి కట్టు ధారాళంగా కనబడాలి. సన్న రింగు వేసుకున్న పిల్లలు ఆ సన్నటి తెలుపును సరిచేసుకుంటూ ట్రిగ్గర్ నొక్కడమే మరచిపోతారు. ఎడమ కన్ను మూయకు, ముఖం బిగుసుకుంటుంది. పాలరంగు ప్లాస్టిక్ డబ్బా మూతలోంచి 30 మిల్లీమీటర్ల లోపు వెడల్పున ముక్క కత్తిరించి, ఎడమ కన్నుకి అడ్డంగా డయాప్టర్‌కి తగిలిస్తే అదే బ్లైండర్.

కంప్యూటర్ ట్రైనర్ డబ్బుతో మీ నాన్న ఇంకో పని చెయ్యొచ్చు, అది నేను ఆయనకే చెబుతాను. నీ రైఫిల్‌లో డ్రై ఫైరింగ్ ఏర్పాటు ఉంటుంది. పెల్లెట్ లేకుండా, గోడకి చిన్న నల్లచుక్క అతికించి, షూస్, జాకెట్ వేసుకుని రోజూ అరగంట కాల్చు. ట్రిగ్గర్ పడ్డ క్షణంలో ముందు రింగు ఎటు కదిలిందో నీ కన్నే చెప్పాలి. అది ఒక నోటుబుక్కులో రాసుకో. అదే నోటుబుక్కులో బట్ ప్లేట్, చీక్ పీస్ ఏ గీత దగ్గర ఉన్నాయో కూడా రాయి. అలెన్ కీ చేతికి దొరికింది కదా అని రోజుకొకటి తిప్పకు.

2012లో గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన సాయంత్రం మా వీధంతా టీవీల ముందే ఉంది. మా హైదరాబాదులో పెరిగిన పిల్లాడు మరి. మన ఇంట్లో ఒక ఆడపిల్ల రైఫిల్ పడుతుందని అప్పుడు ఎవరం అనుకోలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదమ్మా.

రేపు సిలిండర్ మీది తేదీని దగ్గరగా ఫోటో తీసి పంపు. కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీసి ఆ కొలతలు కూడా పంపు. షూస్ నేను కొంటున్నాను.

ఇట్లు,
మావయ్య