విక్రయవృత్తియు దానికి వలయు నేర్పులును

పాఠశాలను విడిచిన పిదప ఏ వృత్తి నవలంబింతుమని మన విద్యార్థులు తలపోయునపుడు వైద్యము, ఇంజనీరింగు, ప్రభుత్వోద్యోగము మొదట తోచును. మార్కెటింగు తోచుట యరుదు. తోచినను, "అది మాటకారుల పని, మావాడు నోరు లేనివాడు" అని తలిదండ్రులు త్రోసిపుచ్చుదురు. ఇందువలన ఆ పనికి తగినవారే పెక్కురు దానికి దూరమగుచున్నారని మా యభిప్రాయము.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రమును చూడుడు. కృష్ణా మండలమున 1867లో జనించిన వీరు మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమను లేపనమును విక్రయింప మొదలిడిరి. ఊరు పరాయిది, సరకు క్రొత్తది. ఎరుగని మందును వెల యిచ్చి కొనువా డెవడు? పంతులుగారు సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. ఇచ్చట కొంచెము నిలిచి యోచింపవలయును. లేపనము గుణము వినుటచే తెలియదు, నుదుట రాచుకొనిన తెలియును. ఒకరు రాచుకొనిన దాని వాసన ప్రక్కవారికిని సోకును. పది యుపన్యాసములు చేయజాలని పనిని చిటికెడు మందు చేసినది.

అయితే ఉచితమునకును వ్యయము కలదు గదా! నూరుగురికి తలకు రెండు రూపాయల నమూనా పంచితిమనుకొందము. 200 రూపాయలు పోయినవి. వారిలో పదిమంది కొని, కొనిన ప్రతిమారు తలకు 15 రూపాయలు మిగిల్చినచో వచ్చినది 150. అనగా 50 రూపాయలు నష్టము. ఆ పదిమందియే రెండవమారు కొనినచో నష్టము పోయి నూరు రూపాయలు లాభము. ఈ వృత్తి బ్రతుకునది రెండవ కొనుగోలుమీదనే. సరకు మంచిది కానిచో ఎంత మాటకారియు దానిని రెండవమారు కొనిపింపలేడు.

నేడు ఈ వృత్తి పలు శాఖలుగా చీలియున్నది. విపణి పరిశోధకుడు ఇంటింట ప్రశ్నించి, సమాధానములను గణించును. అతనికి మాటాడుటకన్న వినుట ముఖ్యము. ప్రకటనలు వ్రాయువారికి చక్కని తెలుగు వలయును. వ్యాకరణమును చూచి విసుగుకొనువారు ఈ మాట గమనింతురు గాక! ఏ యూరి దుకాణమునకు ఎన్ని పెట్టెలు పంపవలయునో నిర్ణయించువారును, సెల్‌ఫోనున ప్రకటన చూచినవారిలో ఎందరు కొనిరో లెక్కించువారును గణితము నెరిగియుండవలయును. ఇక ఊరూర తిరుగు ప్రతినిధికి మాటనేర్పును, అలసట నెరుగని కాళ్లును అవసరమే. వాణిజ్యశాస్త్రమున పట్టము పొంది ఎం.బి.ఎ. చదువుట వాడుకయైన త్రోవ. విశాఖపట్టణమున 2015లో నెలకొల్పబడిన ఐ.ఐ.ఎం.నందును ఆ చదువు కలదు.

కల్లలాడుటకు ఈ వృత్తిలో ఆశ ఎక్కువ. కొన్ని వ్యాధులను కుదుర్తుమని ప్రకటించుటను 1954 నాటి చట్టము నిషేధించినది. తప్పుదారి పట్టించు ప్రకటన చేసినవారికి, దానిని సమర్థించి పలికిన ప్రముఖులకును, మొదటి తప్పునకే పది లక్షల రూపాయలవరకు జరిమానా విధించుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము వీలు కల్పించినది.

ఈ వృత్తి తమకు తగునో తగదో తెలిసికొనగోరు బాలబాలికలు సెలవులలో తెలిసినవారి యంగడిలో వారము దినములు కూర్చుండి, వచ్చినవారు అడిగి లేదనిపించుకొనిన సరకుల పేర్లను మాత్రము వ్రాసికొనవలయును. ఏడవనాడు ఆ పట్టికను అంగడివారికి చూపి, వారేమందురో వినుడు.