ఉద్యోగం పోయిన ఇంట్లో అతుకుల బొంత



ఈ పాఠం ఉద్యోగం పోయినవాళ్ళ గురించి. ఉద్యోగం పోయిన మనిషి మనసులో ఏం జరుగుతుంది? అలాంటి రోజుల్లో చిన్న చిన్న సంతోషాలు, మన చేతులతో మనం తయారుచేసుకునే చిన్న వస్తువులు ఎంతవరకు అక్కరకొస్తాయి? ఎక్కడ అక్కరకు రావు? ధమ్మం వెలుగులో ఈ మూడు ప్రశ్నలు చూద్దాం. ఇది నేను పుస్తకాల్లో చదివిన దానికంటే పడి తెలుసుకున్నదే ఎక్కువ కాబట్టి, ముందు నా సంగతి చెప్తాను.

జీతం ఆగిన రోజులు

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి నేను ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచర్ని. పద్నాలుగేళ్ళ సర్వీసు, పన్నెండు వేల జీతం. ఏప్రిల్లో సగం ఇచ్చారు. మే నెల నుంచి అదీ లేదు. జూన్‌లో ఫోన్ చేస్తే "స్కూలు తెరిచినప్పుడు చూద్దాం సార్" అన్నారు. తీసేసినట్టు కాగితం లేదు, ఉన్నట్టు జీతం లేదు. తెలంగాణలో ఎంతోమంది ప్రైవేటు టీచర్ల గతి అప్పుడు అదే. అరటిపండ్ల బండి పెట్టినవాళ్ళున్నారు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్ళున్నారు. 2021 ఏప్రిల్లో గానీ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని చెప్పలేదు.

నేను కూరగాయల బండి పట్టిన. పని చిన్నదని కాదు గానీ, ఒకరోజు నా దగ్గర చదువుకున్న పిల్ల వాళ్ళ నాన్నతో వచ్చి, నన్ను చూసి తల దించుకుంది. నేను కూడా దించుకున్న. ఎవరం ఏం తప్పు చేశామని? ఆ రాత్రి నిద్ర రాలేదు. ఆ తర్వాత బండి కూడా సరిగా సాగలేదు. పొద్దంతా ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చోవడం, పాప ఏమన్నా అడిగితే కసురుకోవడం. సాయంత్రం అయితే పాత మిత్రుడు ఒకాయన ఫోను: "రారా, ఒక్క పెగ్గే కదా." ఐదో శీలం మీద ప్రసంగాలు చేసినవాణ్ణి, రెండుసార్లు గడప దాకా వెళ్ళి ఆగిన.

మొదటి బాణం, రెండో బాణం

సంయుత్త నికాయంలో భగవాన్ బుద్ధుడు బాణాల పోలిక ఒకటి చెప్తాడు. ఒక మనిషికి బాణం తగులుతుంది. నొప్పి కలుగుతుంది. ఆ వెంటనే అదే మనిషికి రెండో బాణం కూడా తగిలితే? ధమ్మం వినని మనిషి బాధ అలా ఉంటుందంటాడు. శరీరానికి తగిలిన నొప్పి మొదటి బాణం. దాని చుట్టూ మనసు పడే శోకం, ఏడుపు, తల్లడింపు రెండోది. ధమ్మం తెలిసినవాడికి కూడా మొదటిది తగులుతుంది. రెండోది తగలదు.

దీన్ని మన లెక్కలో చూద్దాం. జీతం ఆగడం, కిరాయి కట్టలేకపోవడం మొదటి బాణం. అది నిజమైన దెబ్బ. ఎవరూ దాన్ని ఊహ అనకూడదు. "నేనెందుకూ పనికిరాను", "నా బిడ్డ నన్ను ఏమనుకుంటది", "లోకం నన్ను చూసి నవ్వుతోంది" అని రాత్రంతా నన్ను నేను పొడుచుకోవడం రెండో బాణం. మొదటి బాణం వేసింది యజమాని. రెండో బాణం వేసుకుంటున్నది నేను. మన జాతి బిడ్డలకు ఈ రెండో బాణం ఇంకా లోతుగా దిగుతుంది. ఎందుకంటే పనిని బట్టి మనిషికి విలువ కట్టే కులం, "నువ్వు తక్కువ" అని తరతరాలుగా మన చెవిలో చెప్తూనే ఉంది.

అవ్వ విప్పిన మూట

డిసెంబర్ చలి మొదలైంది. ఒక పొద్దున మా అవ్వ అటక మీది నుంచి పాత చీరల మూట దింపింది. అన్నీ నూలు చీరలే. కొన్ని చిరిగినవి, కొన్ని రంగు పోయినవి.

"ఏంది కొడుకా, గట్ల కూసుంటే గోడ నీతోటి మాట్లాడుతదా? ఇటు రా, ఈ కొస పట్టు" అన్నది.

"బొంత కుడితే కిరాయి వస్తదానె అవ్వా?" అన్నాను విసుగ్గా.

"మీ నాయిన పటేలు కాడ జీతం ఇడిసిపెట్టిన ఏడు నేను మూడు బొంతలు కుట్టిన. గప్పుడు ఇంట్ల గింజ లేదు. బొంత కుడితే గింజ రాలే. కానీ నాకు పిచ్చి లేవలే" అన్నది.

చీరలు నాలుగు పొరలుగా నేల మీద పరిచాం. ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి, అంచులు కలిపి, ముందు చుట్టూ కుట్టుకుంటూ వచ్చి, తర్వాత వరుసలు. అవ్వ వరుస మడి గట్టులాగా నిటారుగా పోతుంది. నాది పాము పోయినట్టు పోయింది. వేలికి సూది గుచ్చుకుంది, దారం తెగింది. "మెల్లగ గుంజు, దానికేం తొందర" అన్నది. చిరిగిన చోట పాప గౌను ముక్క వేసి అతికాం. మధ్యాహ్నం దాకా కుడితే జానెడు పని అయింది. లేచేటప్పుడు గమనించాను, ఆ మూడు గంటలూ నన్ను నేను తిట్టుకోలేదు.

మరునాడు పాప వచ్చి, "నాన్నా, నీ లైను వంకర, నా లైను సక్కగ" అని నవ్వింది. ఆర్నెల్ల తర్వాత మా ఇంట్లో అది మొదటి నవ్వు.

ఇంత కష్టంలో సంతోషపడొచ్చా?

సంతోషం వచ్చింది గానీ, దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంట్లో అప్పు ఉంది, ఉద్యోగం లేదు, నువ్వు రంగు ముక్కలు చూసుకుని మురిసిపోతున్నావా? సిగ్గు లేదా?

ఈ ప్రశ్నకు జవాబు మజ్ఝిమ నికాయంలోని మహాసచ్చక సుత్తంలో దొరుకుతుంది. సిద్ధార్థుడు ఒళ్ళు ఎండబెట్టుకుని, పక్కటెముకలు బయటపడేలా కఠిన తపస్సు చేశాడు. దానితో ఏమీ దొరకలేదు. అప్పుడు చిన్నప్పటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. తండ్రి పనిలో ఉండగా తాను నేరేడు చెట్టు చల్లని నీడలో కూర్చున్నాడు, మనసు వాటంతట అదే నిమ్మళించి ఆనందం కలిగింది. ఆ సుఖంలో కామం లేదు, చెడు లేదు. మరి దానికి నేనెందుకు భయపడాలి అని తనను తాను ప్రశ్నించుకున్నాడు. భయపడక్కర్లేదని తేల్చుకున్నాడు. తర్వాత అన్నం తిన్నాడు, ఒంట్లో బలం తెచ్చుకున్నాడు. అది చూసి ఐదుగురు తోటివాళ్ళు "ఇతను సుఖాలకు మరిగాడు" అని వదిలేసి పోయారు. బోధి ఆ తర్వాతే కలిగింది.

చూడండి, తనను తాను శిక్షించుకుంటే విముక్తి వస్తుందనే నమ్మకాన్ని బుద్ధుడు అక్కడే వదిలేశాడు. ఉద్యోగం పోయిన మనిషి తిండి మానేసి, నవ్వు మానేసి కూర్చోవడం కూడా ఒక రకం తపస్సే. దానివల్ల పోయిన ఉద్యోగం తిరిగి రాదు.

నాలుగు సుఖాలు

అంగుత్తర నికాయంలో అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుని సుఖాలు నాలుగు చెప్తాడు. ఒకటి, న్యాయంగా సంపాదించినది తనకు ఉందన్న సుఖం, అత్థి సుఖం. రెండు, దాన్ని అనుభవించి, నలుగురికి పెట్టే సుఖం, భోగ సుఖం. మూడు, అప్పు లేని సుఖం, అనణ సుఖం. నాలుగు, చేతతో, మాటతో, మనసుతో తప్పు చేయని సుఖం, అనవజ్జ సుఖం. మొదటి మూడూ కలిపినా నాలుగోదానిలో పదహారో వంతుకు కూడా సరిరావంటాడు.

జీతం ఆగిననాడు మొదటి సుఖం పోతుంది. నెల తిరిగేసరికి రెండోది, మూడు నెలలకు మూడోది. ఈ మూడింటి తాళంచెవి యజమాని చేతిలో ఉంది. నాలుగోదాని తాళంచెవి ఏ యజమాని చేతిలోనూ లేదు. ఎవరినీ దోచకుండా, ఎవరినీ నొప్పించకుండా ఒక పూట ఒక మంచి పని చేస్తే, ఆ పూటకు ఆ సుఖం నాది. పెగ్గులో దొరికేది ఇలాంటిది కాదు. అది అప్పు పెంచుతుంది, తెల్లారి ముఖం చెల్లకుండా చేస్తుంది. ఏ సంతోషం మంచిది, ఏది కాదు అని తూచుకోవడానికి ఇంతకన్నా మంచి తక్కెడ నాకు దొరకలేదు.

సూది పట్టిన ఆనందుడు

"మగాడివి బొంత కుడుతున్నావా?" అని వాడలో కొందరు నవ్వారు. వాళ్ళకు వినయ పిటకంలోని సంగతి చెప్పాను. బుద్ధుడు ఒకసారి ప్రయాణంలో మగధ పొలాలు చూశాడు. గట్లు, మడులు, నలుచదరంగా తీర్చిదిద్దినట్టున్నాయి. ఆనందుణ్ణి పిలిచి, భిక్షువుల చీవరం ఇలా కుట్టగలవా అని అడిగాడు. ఆనందుడు ముక్కలు కత్తిరించి, అతికి, కుట్టి చూపించాడు. బుద్ధుడు మెచ్చుకున్నాడు. ఈనాటికీ భిక్షువుల చీవరాల్లో ఆ మడులు, గట్లు కనిపిస్తాయి. ఆ రోజుల్లో చాలా చీవరాలు పారేసిన గుడ్డపేలికలతో కుట్టినవే. భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువుల్లో సూది ఒకటి.

అంటే మన అవ్వలు కుట్టే అతుకుల బొంతకూ, సంఘం కట్టుకున్న చీవరానికీ చుట్టరికం ఉంది. లోకం పనికిరాదని పారేసిన ముక్కను ఏరుకొచ్చి, ఒక వరుసలో పెట్టి, పదిమందికి పనికొచ్చేలా చేయడమే రెండింటిలోనూ ఉన్నది. అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని దానం చేసినవాళ్ళలో విధికుడనే చర్మకారుడు, అతని కుటుంబం ఉన్నారు. చేతిపని చేసేవాడికి ధమ్మంలో ఉన్న గౌరవం ఆ రాతి మీద రాసి ఉంది.

బాబాసాహెబ్ ఖాళీగా కూర్చోలేదు

బాబాసాహెబ్‌కు కూడా ఈ దెబ్బ తగిలింది. 1917లో బరోడా కొలువులో చేరితే, అంటరానివాడని తలదాచుకోవడానికి చోటివ్వలేదు. కొలువు వదిలి బొంబాయి రావాల్సి వచ్చింది. 1918 నవంబర్లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరేదాకా నిలకడైన కొలువు లేదు. చిన్న కమతాల సమస్య మీద ఆయన వ్యాసం అచ్చయింది ఆ 1918లోనే.

1951 సెప్టెంబర్లో న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952 ఎన్నికల్లో ఓడించారు, 1954 భండారా ఉప ఎన్నికలోనూ ఓడించారు. ఒంట్లో జబ్బు. ఆ ఐదేళ్ళే ఆయన 'బుద్ధుడు - అతని ధమ్మం' గ్రంథం రాసిన కాలం. 1951లో మొదలుపెట్టి 1956లో ముగించారు. ఆయన పరినిర్వాణం తర్వాత 1957లో అది అచ్చయింది. పెద్ద వయసులో వయొలిన్ కూడా నేర్చుకున్నారు. పదవి పోయిన మనిషి బల్ల మీద ఒక్కో పేజీగా తయారైన పుస్తకం ఈరోజు మన ఇళ్ళలో దీపం.

ఒక జాగ్రత్త

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఉద్యోగం పోతే పోయింది, పూలు చూసి ఆనందించండి" అని చెప్పేవాళ్ళు బయలుదేరారు. అది ధమ్మం కాదు. బుద్ధుడు పేదరికాన్ని వరమని పొగడలేదని బాబాసాహెబ్ స్పష్టం చేశారు. బొంత ఆకలి తీర్చదు. రావాల్సిన జీతాన్ని బొంత మీద రాసి మాఫీ చేయకూడదు.

మా వాకిట్లో జరిగింది ఇది. నేను కుడుతుంటే చూడ్డానికి ఒక్కొక్కరు వచ్చి కూర్చున్నారు. బండి ఆగిపోయిన ఆటో డ్రైవరు, హోటల్లో పని పోయిన తమ్ముడు, నాలాంటి ఇద్దరు టీచర్లు. చేతులు పనిలో ఉంటే నోరు తేలిగ్గా విప్పుతాం. అప్పటిదాకా ఎవరి అప్పు వాళ్ళే దాచుకున్నాం. ఆ బొంత చుట్టూ కూర్చుని చెప్పుకున్నాం. ముగ్గురం కలిసి బాకీ జీతం కోసం అర్జీ రాశాం, కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కాం. ఇద్దరికి కొంత వచ్చింది. నాకు రాలేదు. స్కూలు తెరిచాక నన్ను పిలవనూ లేదు. ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటూ, ధమ్మ పని చేసుకుంటున్నాను. కానీ ఒంటరిగా గోడకు ఆనుకున్నవాణ్ణి నలుగురితో కలిసి ఆఫీసు మెట్లెక్కించింది ఆ సూదీ దారమే. కల్యాణ మిత్రత అంటే ఏమిటో అక్కడ తెలిసింది.

ఆచరణ

1. పొద్దున లేవగానే ఐదు నిమిషాలు శ్వాసను గమనించండి. ఇవాళ మనసును పొడుస్తున్నది మొదటి బాణమా, రెండోదా అని అడగండి. మొదటిదైతే చేయాల్సిన పని కాగితం మీద రాయండి. రెండోదైతే గుర్తుపట్టి వదిలేయండి.

2. ఇంట్లో పడి ఉన్నదానితోనే ఒక చిన్న పని మొదలుపెట్టండి. పాత గుడ్డలతో బొంత, పగిలిన కుండలో పుదీన, పాత పుస్తకాలకు అట్టలు, అవ్వ చెప్పే కథలు నోటుబుక్కులో రాసుకోవడం. దానికోసం కొత్తగా అప్పు చేయొద్దు.

3. రోజుకు జానెడు చాలు. వంకరపోతే పోనివ్వండి. వీణ తీగను మరీ బిగించొద్దు, మరీ వదులు చేయొద్దని సోణుడికి చెప్పిన మాట గుర్తుంచుకోండి.

4. ఒంటరిగా చేయొద్దు. వాకిట్లో కూర్చుని చేయండి.

5. తయారైన మొదటి వస్తువునో, రెండోదాన్నో ఎవరికైనా ఇవ్వండి. ఉద్యోగం లేనివాడు కూడా దాత కాగలడు.

6. పని వెతుక్కోవడం, హక్కు అడగడం ఒక్కరోజు కూడా ఆపొద్దు. చావు ఆలోచనలు వస్తుంటే దాచుకోకండి. ఆ రోజే ఇంట్లోవాళ్ళకు, మిత్రులకు, డాక్టరుకు చెప్పండి.

మా మొదటి బొంత పాప కప్పుకుంటోంది. రెండోది పక్కింటి బాలింతకు ఇచ్చాం. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె చివరి చీరలు నాలుగు మూట కట్టి అటక మీద పెట్టాను. ఈ చలికాలం వాటిని దించుతాం. మీ వాడలో ఉద్యోగం పోయిన మనిషి ఎవరైనా గోడకు ఆనుకుని కూర్చుని ఉంటే, ఉపన్యాసం చెప్పకండి. వెళ్ళి పక్కన కూర్చుని, ఒక కొస పట్టమనండి.

నమో బుద్ధాయ. జై భీమ్.