గోల్ పోతే మేనల్లుడు పరాయివాడవుతాడా?

సమస్య



మాది తాండూరు. నా వయసు 51. బండల పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తుంటాను. వికారాబాద్‌లో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో బ్యాక్ ఆడేవాణ్ణి. చదువైపోయింది, మోకాలు దెబ్బతింది, ఆట మానేశాను. ఆ టీమ్ మీద ప్రేమ మాత్రం పోలేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన కథ చెప్పి మా నాన్న నన్ను పెంచాడు. ఆ టీమ్ కోచ్ రహీం సాబ్ పేరు మా ఇంట్లో భక్తిగా పలికేవాళ్లం. ఆయన మీద తీసిన 'మైదాన్' సినిమా చూసి హాల్లోనే ఏడ్చినవాణ్ణి.

ఈ ఏడాది మా కాలేజీ టీమ్ బాగా కుదిరింది. గోలీ పరిగి పిల్లాడు, ఆరడుగుల మనిషి. కెప్టెన్ తల ఎత్తకుండానే ఎవడెక్కడున్నాడో చూసి పాస్ ఇస్తాడు. లెఫ్ట్ వింగ్‌లో మా మేనల్లుడు, మా అక్క కొడుకు. బావ చనిపోయాక ఇంటర్ నుంచి మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. ఇప్పుడు వికారాబాద్‌లో డిగ్రీ సెకండియర్. అక్క యాలాల దగ్గర పల్లెలో కౌలుకు కంది వేసుకుంటోంది. వాడికి బాల్ తన్నడం నేర్పింది నేనే, షూస్ కొనిచ్చింది నేనే.

అంతర్ కళాశాలల పోటీల్లో ఒక్క మ్యాచ్ వదల్లేదు. సెలవు దొరక్కపోతే జీతం కోయించుకుని వెళ్లాను. మొదటి మ్యాచ్ వానలో. బాల్ బురదలో ఆగిపోతుంటే మా పిల్లలు పైకి లేపి ఆడి 3-1తో గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో హైదరాబాద్‌లోని ఒక పెద్ద కాలేజీని ఇంటికి పంపించారు. సెమీఫైనల్లో ముందు గోల్ మేమే తిన్నాం. ఆఖరి నిమిషాల్లో మేనల్లుడు కొట్టిన కార్నర్‌కు మా స్టాపర్ తల పెట్టాడు. 1-1. టైబ్రేకర్. కెప్టెన్ కొట్టిన మూడో కిక్‌ను వాళ్ల గోలీ పట్టేశాడు. వాళ్లదీ ఒకటి బయటికి పోయింది. వాళ్లు ఐదూ కొట్టేసరికి నాలుగు గోల్స్. మావి నాలుగు కిక్కులకు మూడు. ఐదోది కొట్టాల్సిన పిల్లాడు కాలు పట్టేసిందన్నాడు. ఎవరు కొడతారని పీడీ సార్ అడిగితే అందరూ నేల చూపులు చూస్తున్నారు. వీడు చెయ్యెత్తాడు. ఎవడు ఎత్తమన్నాడు మేడం? బాల్ క్రాస్‌బార్‌కు తగిలి పైకి పోయింది. దాంతో సీజనంతా పోయింది.

ఆ రోజు నుంచి వాడితో మాట్లాడలేకపోతున్నాను. మొహం చూస్తే ఆ కిక్కే గుర్తొస్తోంది. మా ఆవిడ "పోరడు బాల్‌ను తన్నిండు, మనిషిని తన్నలే కద! గంత కోపమేంది?" అని నన్నే తిడుతోంది. మా సొంత కొడుక్కు ఇంటర్‌లో మ్యాథ్స్ పోయినప్పుడు కూడా నేనింత బాధపడలేదు. సప్లిమెంటరీ ఫీజు కట్టి, ధైర్యం చెప్పి పంపాను. ఇది వేరు. మేనల్లుడు కూడా తన తప్పు తెలుసుకున్నట్టే ఉన్నాడు. తెల్లవారుజామునే మొదటి బండికి వెళ్లిపోతున్నాడు. రాత్రి నేను తిని పడుకున్నాకే వంటింట్లో కూర్చుని తింటున్నాడు. ఆ మాత్రం సిగ్గయినా ఉన్నందుకు సంతోషం.

ఇంట్లో నా బాధ ఎవరికీ పట్టడం లేదు. వచ్చే ఏడాది మ్యాచ్‌లకు వెళ్లాలా, ఈ అభిమానం ఇంతటితో వదిలేసుకోవాలా? మీరే చెప్పండి.

– ఒక అభిమాని, తాండూరు

సలహా

మీ ఉత్తరంలో వానలో గెలిచిన మ్యాచ్ గురించి ఇష్టంగా చదివాను. సెమీఫైనల్ గురించి ఊపిరి బిగబట్టి చదివాను. కానీ జవాబు రాయడానికి కారణం ఆట కాదు. చివర్లో మీరు దాటేసిన మాట ఒకటుంది. రాత్రి మీరు పడుకున్నాకే ఆ పిల్లాడు వంటింట్లో కూర్చుని అన్నం తింటున్నాడన్నారు. అది చూసి సంతోషపడ్డానన్నారు. తమ్ముడూ, ఆ మాట చదివి నాకు ఒళ్లు మండింది.

మీ ప్రశ్నకు పైపై జవాబులు ఎవరైనా చెప్తారు. కొన్నాళ్లు ఆట చూడటం మానెయ్యండి, పొద్దున పూట నడవండి, పాత టీమ్ స్నేహితులను కలవండి. ఇవన్నీ మీకూ తెలుసు. ఓటమి బాధ తగ్గేదే. వచ్చే సీజన్ మొదలైతే మీ కాళ్లు వాటంతటవే వికారాబాద్ వైపు నడుస్తాయి. దాని గురించి నాకు బెంగ లేదు.

నా బెంగ ఆ పిల్లాడి గురించి. ముందు లెక్క సరిచూద్దాం, మీరు లెక్కలు రాసే మనిషే కదా. వాళ్లవి నాలుగు, మీవి మూడు. మేనల్లుడు గోల్ కొట్టి ఉంటే ఎంతయ్యేది? నాలుగుకు నాలుగు. అంటే సమం. గెలుపు కాదు. ఆ తర్వాత ఒక్కొక్క కిక్కు చొప్పున ఆట సాగేది, దానిలో ఎవరు మిగిలేవారో ఎవరికీ తెలియదు. మరి సీజనంతా వాడి ఒక్క కాలితోనే ఎలా పోయింది? అంతకుముందు కెప్టెన్ కొట్టిన కిక్కూ పోయింది కదా. ఆ కెప్టెన్ మీద మీ ఉత్తరంలో ఒక్క పరుషమైన మాట లేదు. కాలు పట్టేసిందని తప్పుకున్న పిల్లాడినీ మీరు ఏమీ అనలేదు. అనకూడదు కూడా. కానీ నింద మొత్తం మీ ఇంట్లో అన్నం తింటున్న వాడి మీదే ఎందుకు పడింది? మిగతావాళ్లు సాయంత్రానికి వాళ్ల ఇళ్లకు వెళ్లిపోయారు. వీడు మీ చేతికందే దూరంలో ఉన్నాడు. అంతే.

ఇలాంటి అన్యాయం ప్రపంచంలోకెల్లా పెద్ద ఆటగాడికీ తప్పలేదు. 1994 ప్రపంచ కప్ ఫైనల్ అమెరికాలో జరిగింది. ఇటలీ, బ్రెజిల్ గోల్ లేకుండా టైబ్రేకర్ దాకా వెళ్లాయి. రాబెర్టో బాజియో కిక్ బార్ మీదుగా పోయింది, బ్రెజిల్ కప్ ఎత్తుకుంది. అతనికంటే ముందే ఇటలీవాళ్లలో బరేసీ, మస్సారో కూడా కిక్కులు పోగొట్టారు. బాజియో గోల్ కొట్టి ఉన్నా బ్రెజిల్‌కు ఇంకో కిక్ మిగిలే ఉంది. సెమీఫైనల్లో బల్గేరియా మీద రెండు గోల్స్ కొట్టి ఆ జట్టును ఫైనల్‌కు చేర్చినవాడూ అతనే. అయినా లోకం గుర్తుపెట్టుకున్నది ఆ ఒక్క తన్నే. మీ మేనల్లుడి సంగతీ అదే కదా. వాడి కార్నర్ లేకపోతే మీకు టైబ్రేకరే లేదు. ఆ సంగతి మీ చేతితో మీరే రాశారు. రాసి, మరిచిపోయారు.

ఇక వాడు చెయ్యెత్తాడని నేరం మోపారే, దాని గురించి. పెనాల్టీ కొట్టేవాడు గోల్‌కు 11 మీటర్ల దూరంలో ఒంటరిగా నిలబడతాడు. ఎదురుగా ఏడు మీటర్లకు పైగా వెడల్పున్న గోల్. గోలీ ఆపితే వీరుడు, ఆపలేకపోతే ఎవరూ ఏమీ అనరు. కొట్టేవాడు గోల్ చేస్తే 'చెయ్యాల్సిందే' అంటారు, చెయ్యలేకపోతే జీవితాంతం అంటారు. అది తెలిసే కదా మిగతా పిల్లలు నేల చూపులు చూశారు. కాలేజీ మొత్తం, మీరు, ఓటమి, అన్నీ కళ్లముందున్నప్పుడు పంతొమ్మిది ఇరవై ఏళ్ల పిల్లాడు "నేను కొడతా సార్" అన్నాడు. బాల్ తన్నడం మీరు నేర్పారు సరే. ఈ గుండె వాడికి ఎక్కణ్నుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? మగమనిషి అండ లేని ఇంట్లో, కౌలు పొలంలో కంది మొక్కల మధ్య వంగి బతుకు ఈడుస్తున్న మీ అక్క దగ్గర నుంచి వచ్చింది.

మీరు రహీం సాబ్ పేరెత్తారు కాబట్టి చెప్తున్నాను. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. కోచ్ రహీమే. హైదరాబాద్ ఆటగాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ ఆ జట్టులో ఉన్నారు. పది గోల్స్ తిన్నారు కదా అని వాళ్ల మొహం చూడనన్నాడా ఆయన? ఎక్కడ పొరపాటు జరిగిందో కూర్చుని చూసుకున్నాడు, ఆట తీరు మార్చాడు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌కు వెళ్లిన జట్టులో ఆ ఇద్దరూ ఉన్నారు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ ఆడింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చింది కూడా రహీం శిక్షణలోనే. ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. ఓడిన పిల్లాణ్ణి మర్నాడు మళ్లీ గ్రౌండ్‌కు ఎలా తీసుకురావాలో ఆయనకు తెలుసు. సినిమా చూసి ఏడవడం తేలిక. రహీం సాబ్‌ను ఇంట్లో పాటించడమే కష్టం.

ఇప్పుడు అసలు మాట. మీ కొడుక్కు మ్యాథ్స్ పోతే సప్లిమెంటరీ ఫీజు కట్టారు, ధైర్యం చెప్పారు. మంచి తండ్రి చేసే పనే చేశారు. ఆ కొడుకుతో మీరు ఇలాగే మాట్లాడకుండా ఉంటే ఏం చేసేవాడు? అలిగేవాడు. తలుపు ధడాల్న వేసేవాడు. "ఏంది నాయినా, నేనేం జేసిన?" అని నిలదీసేవాడు. అన్నం తినకుండా పడుకుంటే మీ ఆవిడ కంచం పట్టుకుని వెంటపడేది. ఆ హక్కు కన్నబిడ్డకు పుట్టుకతో వస్తుంది. మేనల్లుడికి అలగడానికి ఇంకో ఇల్లు లేదు. కోప్పడితే 'తిన్నింటి వాసాలు' అంటారు. అన్నం మానేస్తే 'పొగరు' అంటారు. అందుకని వాడికి మిగిలిన ఒకే ఒక దారి, మీకు కనబడకుండా బతకడం. తెల్లవారుజామున బండెక్కడం, రాత్రి చప్పుడు కాకుండా తినడం. మీరు దాన్ని సిగ్గు అనుకున్నారు. అది భయం. ఈ ఇంట్లో తన చోటు ఒక గోల్ మీద ఆధారపడి ఉందని వాడికి తెలిసిపోయింది.

మన ప్రాంతంలో ఇలా పెరిగే పిల్లలు తక్కువేం కాదు. పల్లెలో పెద్ద చదువు ఉండదు. తాండూరులోనో వికారాబాద్‌లోనో మేనమామ ఇల్లో, పిన్ని ఇల్లో ఉంటుంది. సంచిలో రెండు జతల బట్టలు, కందిపప్పు మూట పెట్టి పంపిస్తారు. ఆ పిల్లలు పొద్దున్నే లేచి నీళ్లు పడతారు, అంగడికి పోయి సామాన్లు తెస్తారు, చిన్నపిల్లల్ని బడిలో దింపుతారు. ఇంకొంచెం కూర వేసుకోవాలనిపించినా అడగరు. టీవీ రిమోట్ ముట్టరు. జ్వరమొస్తే చెప్పరు. ఇలా ఉండమని ఎవరూ అనరు, కానీ ఇంట్లోవాళ్ల మొహం చూసి వాళ్లకే తెలుస్తుంది. వాళ్లను చేరదీసిన పెద్దలు మంచివాళ్లే, కాదనను. పప్పూ బియ్యం పెట్టడం చిన్న పనేం కాదు. కానీ పెట్టిన అన్నం ఎప్పుడో ఒకప్పుడు పద్దులోకి ఎక్కుతుంది. పిల్లాడు మార్కులు తెస్తే 'మా ఇంట్లో ఉండి చదివాడు' అంటారు. తప్పితే 'ఇంత పెట్టినా' అంటారు. గెలిచినప్పుడు మనవాడు, ఓడినప్పుడు అక్క కొడుకు. ఈ మాట మీ ఒక్కరికే కాదు, ఇంట్లో ఇంకొకరి బిడ్డను పెట్టుకున్న ప్రతి పెద్దకూ చెప్తున్నాను. పరాయి బిడ్డను చేరదియ్యడమంటే పడుకోవడానికి చోటు, తినడానికి తిండి ఇవ్వడం ఒక్కటే కాదు. ఆ ఇంట్లో తప్పు చేసే హక్కు, కోప్పడే హక్కు, ఓడిపోయి ఏడ్చే హక్కు కూడా ఇవ్వాలి. అవి ఇవ్వనంతవరకు వాడు మీ ఇంట్లో చుట్టమే.

అందులోనూ మీరు మేనమామ. మన ఇళ్లలో పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు బిడ్డను మేనమామ ఒడిలోనే కూర్చోబెడతారు. తండ్రి బతికున్న రోజుల్లోనే ఆ బాధ్యతలో మీకు భాగముంది. ఇప్పుడు తండ్రి లేడు. ఈ సంగతులు మీ అక్క చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించండి. ఆవిడ మిమ్మల్ని ఒక్క మాట అనదు. కొడుకునే పిలిచి "మామ కాళ్లు పట్టుకో బిడ్డా" అంటుంది. మీరు ఆ పరిస్థితి రానివ్వకండి.

ఏం చెయ్యాలో చెప్తాను. క్షమాపణ పేరుతో పెద్ద ఉపన్యాసం ఇవ్వకండి. మగపిల్లలు దానికి ఇంకా ముడుచుకుపోతారు. ఈ రాత్రి నిద్రపోకుండా కూర్చోండి. రెండు కంచాలు పెట్టమని మీ ఆవిడతో చెప్పండి. వాడు తప్పించుకోబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి. "ఆ కార్నర్ బాగ కొట్టినవ్‌రా" అని మొదలుపెట్టండి. తర్వాత చెయ్యెత్తినందుకు మెచ్చుకోండి, కిక్ పోయినందుకు ఓదార్చండి, ఈ వరసలోనే. ఇన్నాళ్లు మాట్లాడకపోవడం మీ తప్పని ఒక్క ముక్కలో చెప్పండి చాలు. ఆదివారం బాల్ తీసుకుని ఇద్దరూ గ్రౌండ్‌కు పోండి. పెనాల్టీ కొట్టించండి. మోకాలు నొప్పి పెట్టినా గోల్‌లో మీరే నిలబడండి.

చివరగా మీరడిగిన ప్రశ్న. వచ్చే ఏడాది మ్యాచ్‌లకు వెళ్లాలా వద్దా అన్నది నన్ను కాదు, వాణ్ణి అడగండి. ఆడతానంటే ఒక్క మ్యాచ్ వదలకుండా వెళ్లండి. ఆడనంటే ఎందుకో చెప్పమనండి. వాడు చెప్పేదాంట్లో మీ మీద కోపం కూడా ఉండవచ్చు. ఉంటే సంతోషించండి, మీ ఇంట్లో కోప్పడే ధైర్యం వాడికి వచ్చినట్టు. మధ్యలో అడ్డుతగలకుండా చివరిదాకా వినండి.